ఊడని రింగు

జనవరి, ఆదివారం

సముద్రం ఒడ్డున పక్షుల కాళ్ళకు రింగులు వేసే మా కేంద్రం నుంచి సెలవు మీద నిన్ననే వనస్థలిపురం వచ్చాను. పొద్దున్నే చేపలమ్మే మల్లయ్య తాత నవ్వుతూ ఒక కాగితం పొట్లం నా చేతిలో పెట్టాడు. విప్పితే మా రింగు. రింగులో ఉల్లంకి పిట్ట కాలు.

"చెరువుల నా వలకు చిక్కింది బిడ్డా. రింగు కనిపిస్తే తెచ్చియ్యమన్నవు గద. ఎంత గుంజినా ఊడలే. గందుకే కాలు కోసిన."

"పిట్ట ఏది?"

"పానంతోనే ఉండె. పాపమని ఇడిసిపెట్టిన."

తెమ్మన్నది నేనే. పోయిన సెలవులో, రింగు మీది నంబరు చదవడం తనకు రాదని తాత అంటే, రింగే తెచ్చిమ్మన్నాను. చచ్చిన పిట్టల దగ్గరే తీయాలని చెప్పాలని తట్టలేదు. ఎవరి మీద అరవను? అమ్మ ఆయనకు టీ ఇచ్చింది. నేను థాంక్స్ కూడా చెప్పాను. ఆ పిట్ట ఇప్పుడు బురదలో ఎలా నిలబడుతుందో...

నంబరు చూశాను. నా చేత్తో వేసిందే. మా కేంద్రంలో కొత్తగా చేరినవాళ్ళకు నేను వేసిన రింగులే చూపిస్తారు, బిగిస్తే ఇలా బిగించాలి, ప్రాణం పోయేదాకా ఊడకూడదు అని.