వైరు రూటరు గురించి నేను చెప్పిన సాక్ష్యం

జనవరి 4, ఆదివారం
చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాను! కేబుల్ వాళ్ళ వైఫై పెట్టె ఇంట్లో గూఢచారి అనీ, దాన్ని వెళ్ళగొట్టి వైర్లతో నడిచే రూటరు కొంటున్నాననీ. లోపలి సాఫ్ట్‌వేర్ ఓపెన్‌సోర్స్. ఎవరైనా విప్పి చదువుకోవచ్చు. అందరూ "ఆమెన్" అన్నారు. అర్థమయ్యే అన్నారా? ఏమో.
ఇంటికి రాగానే పెట్టె పీకేశాను. వారంలో కొత్తది!

జనవరి 5
మూడు నచ్చాయి. ఒకదానికి మెమరీ చాలదు. ఇంకోదానికి వైరు గుచ్చే పోర్టులు రెండే. మూడోదానికి ఏ లోపమూ లేదు. అదే అనుమానం.

జనవరి 7
పదకొండు నచ్చాయి. నెట్‌లో ఒకడు పొగిడినదాన్ని ఇంకొకడు తిడుతున్నాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నట్టుంది.
ఇదంతా చదవడానికి పక్కింటి సాహిరా వైఫై. అదీ కేబుల్ వాళ్ళదే. తాత్కాలికం.
"అక్కా, మా గూఢచారి బాగా పనిచేస్తన్నాడా?" అంది గోడ మీదనుంచి. నవ్వేశాను.

జనవరి 8
రొయ్యల గుంటల జకరయ్య గారు ఫోన్ చేశారు.
"డెబోరమ్మా, మీ సాక్ష్యం ఇని నేనూ పెట్టె పీకేసినా. గుంటకాడ కెమెరా ఫోన్లో కనపడ్డంల్యా. ఏరియేటర్ ఆగితే రొయ్యలకు గాలాడక చస్తాయి గదా, రాత్రంతా గట్టుమీదే కాపలా కాస్తన్నా. మీరేది కొంటే అదే కొంటా. ఏదిమ్మా?"
సోమవారం చెబుతానన్నాను. ఏ సోమవారమో ఆయన అడగలేదు.

జనవరి 10
తేలిపోయింది! ఏడోది. కార్టులో పెట్టాను.
మా ఆయన జడ్సన్ చూసి, "వైరు దేనికి గుచ్చుతావు?"
"ఫోన్లకి."
"ఫోనుకు ఆ బెజ్జం యాడుంది?"
లేదు. నా లాప్‌టాప్‌కూ లేదు. సన్నగా ఉందని ముచ్చటపడి కొన్నదే.
వైఫై కోసం విడిగా ఇంకో పెట్టె కావాలట. అదీ ఓపెన్‌సోర్స్‌దే కావాలి కదా. కార్టు ఖాళీ చేశాను.

జనవరి 18, ఆదివారం
జకరయ్య గారు సాక్ష్యం చెప్పారు. "శుక్రారం గట్టుమీద కన్నంటుకుంది. కరెంటు పోయి ఏరియేటర్ ఆగిపోయింది. ఒక గుంట రొయ్యలన్నీ తేలిపోయినాయి. రెండో గుంటను దేవుడు కాపాడినాడు. తెల్లారే కేబులాయన్ని పిలిచి పెట్టె పెట్టించుకున్నా."
"ఆమెన్" అన్నారు.
బయట క్షమాపణ అడగబోయాను.
"మీరేం జేస్తారమ్మా, పీకింది నేనే గదా. ఇంతకీ మీరేది కొన్నారు?"

జనవరి 19
రాత్రంతా ఆలోచించాను. ఆయన నష్టంలో నాకో పాఠం ఉంది. కరెంటు పోయినా ఆగని రూటరు చూడాలి. ఆ పదకొండింట్లో ఒక్కటీ అలాంటిది కాదు. ఇవాళ మళ్ళీ మొదటినుంచి. వారం చాలు.
తొందరపడి ఏదీ కొననందుకు దేవునికి స్తోత్రం.