ముప్పై ఒక్క జీబీ ఖాళీ

చిరంజీవి మనవరాలికి,

అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ ఇద్దరం క్షేమం. కాకపోతే ఒకరు కంటి ఆపరేషనయ్యి నల్లకళ్లద్దాల్లో ఉన్నారు.

ముందు నీ తప్పు దిద్దనీ. "అప్‌డేట్ అయ్యాక పాత సరుకు దానంతటదే పోతుంది" అని రాశావు. వెంటనే పోదు. కంప్యూటర్లో కొత్త సిస్టమ్ వచ్చి కూర్చున్నా పాతది కదల్లేదు. కొత్తది నచ్చకపోతే వెనక్కి పోవచ్చని పది రోజులు అట్టే పెడతారట. మా పెళ్లికి ఈ వసతి లేకపోయింది. ఈలోగా డిస్కు నిండిందని ఎర్రగీత చూపించి ఒకటే సాధింపు.

తాతయ్య చుక్కలు వేయించుకుంటున్నారా అని అడిగావు. ఇల్లెగిరిపోయే కేకతో వేయించుకుంటున్నారు. "మెల్లిగా వెయ్యవే, కన్ను నాది" అంటారు. "చెయ్యి నాది, కదలకండి" అంటాను. ఇరవయ్యో తారీకు దాకా స్క్రీను చూడొద్దన్నాడు డాక్టరు.

అంచేత డిస్కు శుభ్రం నా మీద పడింది. నువ్వు చెప్పిన క్లీనప్ తెరిస్తే వరసగా గళ్లు. పాత సిస్టమ్ పక్కన టిక్కు పెట్టగానే ఇరవై రెండు జీబీ మిగులుతుందంది. టిక్కు పెట్టేకొద్దీ అంకె పెరుగుతుంటే ఆశ పుట్టి, ముప్పై ఒకటి అయ్యేదాకా అన్నిటికీ పెట్టేశాను. ప్రశ్నపత్రం పూర్తిగా చదివాకే కలం పట్టండని ముప్పై మూడేళ్లు పిల్లల చెవులు మెలిపెట్టిన దాన్ని, ఒక్క గడీ చదవలేదు.

ఇక దాచి లాభం లేదు. ఆ గళ్లలో ఒకటి డౌన్‌లోడ్స్. తాతయ్య తను పాడి రికార్డు చేసుకున్న పాటలన్నీ ఫోన్‌లోంచి దించి, ఇంకెక్కడ పెట్టాలో తెలియక అందులోనే పెట్టుకున్నారు. అరవై నాలుగు పాటలు. ఫోన్‌లోవి ఎప్పటికప్పుడు తీసేసేవారు. చెత్తబుట్ట కూడా నేనే ఖాళీ చేశాను.

పొరపాటంటే ఎవరు నమ్ముతారు? ఆయన గొంతెత్తితే పాలవాడు దారి మార్చుకుంటాడని నలుగురిలో అన్నది నేనే. ఆయన నన్ను పల్లెత్తు మాట అనరు. "పోన్లే, నీకు విసుగ్గా ఉండేవిగా" అని, ఇక పాడరు. ఆయన వాకింగుకు వెళ్లాక రోజూ అవే పెట్టుకు వింటానని ఏ మొహంతో చెప్పను? నీకు ఫోన్ చేసి చెబుదామంటే, డాక్టరు కంటికి విశ్రాంతి ఇచ్చాడుగాని చెవులకి ఇవ్వలేదు.

కిందటిసారి నువ్వొచ్చినప్పుడు తాతయ్య వాటన్నిటినీ పెన్‌డ్రైవులో ఎక్కించి నీ సంచి పక్క జేబులో వేశారు. నువ్వు విని ఉండవు, నాకు తెలుసు. పారేసి ఉండకపోతే చాలు. ఈ ఉత్తరం అందగానే ఆ జేబు వెతుకు. పదిహేడో పాట ఉందేమో విని చూడు. మధ్యలో నేను వంటింట్లోంచి "ఇక చాలు" అని అరుస్తాను. ఆయన నవ్వి, మళ్లీ పల్లవి ఎత్తుకుంటారు. పెన్‌డ్రైవుని పాత మేజోడులో చుట్టి, ఇరవైలోగా చేరేట్టు కొరియర్ చెయ్యి. పొట్లం మీద నా పేరే రాయి.

ఇట్లు,
గేటు దగ్గరే కాపలా కాసే
నీ అమ్మమ్మ