ఏడో సిపాయి మొహం

బావా, బస్సువాడు హారను కొడతన్నాడు, పరవాడ కంపెనీకి పోతన్నాను. పొయ్యి గట్టు మీద వంకాయ కూరుంది, తిను. నీ గజపతుల కాలం సిపాయి బొమ్మలకి రంగు ఆరలేదని కిటికీలో పెట్టేను. పిల్లి రాకుండా చూసుకో.

అప్పటి సిపాయిల మొహాలెలా ఉండేవోనని నెల్లాళ్లుగా ఫోనులో గుళ్ల శిల్పాలన్నీ వెతికేవు. నా వంక చూసింది లేదు. పొద్దున్న చూద్దును కదా, పళ్లు కొరుకుతన్న ఆ ఏడోవాడికి నా మొహం! కోరమీసం ఒకటీ!

పుట్టుమచ్చ నాకు ఎడమ బుగ్గ మీదుంటే వాడికి కుడి బుగ్గ మీద పెట్టేవేటి? నా సెల్ఫీ చూసి వేసేవు కదూ? అందులో ఎడమ కుడి అవుతాది, తెలీదా? సాయంత్రం ఆరింటికి నేనే వత్తాను. ఎదురుగా కూర్చోబెట్టి, సరిగ్గా చూసి దిద్దు.

తులసి

మీసం మాత్రం చెరపకు. నాకు నప్పింది.