మల్లప్ప మామ కన్ను

బెంగళూరు,
జూలై 2006

మల్లప్ప మామకు నమస్కారాలు.

నీ కన్ను బాగైందనీ, మండీలో టమోటా పెట్టెల దగ్గర మళ్లీ కేకలేస్తున్నావనీ అత్త ఫోనులో చెప్పింది. సంతోషం. అయితే ఉగాదికి వచ్చినప్పుడు నేనే మా వైరస్ ల్యాబు నుంచి సర్పి పొక్కులు తెచ్చి నీ నుదుటికి అంటించానని మదనపల్లెంతా చాటుతున్నావట! అది నీ సొంత ఆస్తి మామా. చిన్నప్పుడు నీకు పోసిన ఆటలమ్మ వైరస్సే ఇన్నాళ్లూ నరాల్లో నిద్రపోయి ఇప్పుడు లేచింది.

ఆ జాతి వైరస్ మన కణంలో దూరి, అక్కడి ప్రొటీన్లను తన పనికి వాడుకుంటుంది. ఏవి దానికి లొంగాయో, ఏవి ఎదురు తిరిగాయో యంత్రంతో తూచి కనిపెట్టడమే మా పని. దాని సంగతి తెలుసు కాబట్టే, నువ్వు మందని ఆ పొక్కుల మీద ఎర్రమన్ను పూయించుకుంటున్నావని వినగానే, సర్పి కంట్లోకి పాకితే కన్ను పోతుందని ఫోనులో అరిచాను. అత్త నిన్ను బలవంతంగా ఆటో ఎక్కించి కంటి డాక్టరుకు చూపించింది.

ఇంత జరిగినా, "ఆ పురుగుల్తో కాపురమా? నా బిడ్డను పంపేదే లేదు" అని మా ల్యాబులో చంద్రికకు వచ్చిన పరిశోధన సీటు వద్దన్నావు. అందుకే, కుప్పంలో పిన్నమ్మ ఇంటికని నీతో చెప్పి బయల్దేరిన నీ కూతురు ఇప్పుడు నా గదిలో అన్నం తింటోంది. రేపే చేరుతుంది.

తిట్లన్నీ నాకే దాచిపెట్టు. అత్తను ఏమీ అనొద్దు. బస్టాండులో ఆమె చంద్రికతో అన్నదిదే: "మీ నాయన కన్ను నిలబెట్టింది ఆ సదువేనమ్మా. ఆయప్ప అరిస్తే అరవనీలే, ఈడ నేనుండాను. నువ్వు పో."

నీ మేనకోడలు