బొటనవేలు బయటే ఉండిపోయింది

బట్టంబాంగ్, కంబోడియా, సోమవారం

అమ్మా,
నీళ్ళ భయంతో బాప్తిస్మం మళ్ళీ వాయిదా వేశావని చెల్లి నెనిటా రాసింది, అందుకే వెంటనే రాస్తున్నాను. నేను క్షేమం.

నిన్న మా మోర్మన్ సంఘంలో సొఖోమ్ అవ్వకు బాప్తిస్మం ఇచ్చారు. చిన్నప్పుడు ఏట్లో మునిగి బతికిన మనిషి, బాప్తిస్మపు తొట్టి దగ్గర నా చేయి పట్టుకుని వదల్లేదు. బాప్తిస్మమిచ్చే కుర్రాడు ఎలాగో ముంచి లేపితే, కాలి బొటనవేలు పైకి తేలింది; ఒళ్ళంతా మునిగితేనే లెక్క, మళ్ళీ ముంచాలి అన్నారు పక్కన నిలబడి చూసే సాక్షులు. ఇక పారిపోతుందనుకున్నాను. అవ్వ పకపకా నవ్వింది. "ఊరంతా తిప్పి తప్పులు చేయించింది ఆ కాలే! దాన్నొదిలేస్తారా? ముంచు నాయనా!" అంది. ఈసారి గోరు కూడా కనబడలేదు!

పంది ఈనిందా? నాన్న దగ్గు తగ్గిందా? నెనిటా, ఇది అమ్మకు గట్టిగా చదివి వినిపించు.

అమ్మా, నేనొచ్చేదాకా ఆగినా సరే, నీ చేయి నేనే పట్టుకుంటాను. టిక్కెట్టు కొనాలి, బాప్తిస్మానికి సరేనని ఈ నెల ఇరవైలోగా రాయించు.

నీ ఎర్లిందా