తెల్లబడిన పువ్వు ఏ రోజుది

మార్చి తొమ్మిది, ఆదివారం

బొమ్మక్కకు,

చెల్లెలి నమస్కారాలు. ఇక్కడ మేము క్షేమమని రాయడం రివాజు కాబట్టి రాస్తున్నాను. అక్కడ నువ్వూ బావా బాగుండాలని మాత్రం మనసారా రాస్తున్నాను.

కుట్టుమిషన్ కిటికీ దగ్గరకు జరిపాను. ఒక కన్ను కుట్టు మీద, ఒక కన్ను అమ్మ మీద. నిన్న ఎవరిదో చొక్కాకు రెండూ ఎడమ చేతులే కుట్టాను. ఆయన ఏమన్నాడో రాయను.

మెట్ల పక్కన కుండీలో అమ్మ పెంచిన నిన్న-నేడు-రేపు మొక్క ఈసారి విరగబూసింది. ఏడాదంతా పచ్చగా, ఏమీ పట్టనట్టు నిలబడే మొక్క ఒక్కసారిగా ఆకు కనపడకుండా పూసింది. పువ్వు ఊదారంగులో విచ్చుకుంటుంది, మర్నాటికి లేతబడుతుంది, ఆ పైన తెల్లబడుతుంది. ఊదా నిన్న, లేతది నేడు, తెలుపు రేపు అని మొక్కలమ్మినాయన చెప్పాడు, గుర్తుందా? అమ్మ ఒప్పుకుంటేగా. ఇప్పుడే కళ్లు తెరిచిన పువ్వు నిన్నటిదెలా అవుతుందయ్యా, తెల్లబడ్డదే నిన్నటిది, నా తల చూడు అని ఆయన నోరు మూయించింది. మనిద్దరం పక్కకు తిరిగి నవ్వుకున్నాం.

ఇప్పుడు అమ్మకు రోజూ ఒకటే ప్రశ్న. అది ఎప్పుడొస్తుందే అంటుంది. రేపమ్మా అంటాను. వెంటనే వెళ్లి ఓ ఊదా పువ్వు పట్టుకుని, ఇదిగో రేపు అని అక్కడే కూర్చుంటుంది. ఆ పువ్వు తెల్లబడ్డాక, రేపు కూడా అయిపోయిందే, అది రాలేదే అని ఏడుస్తుంది.

అమ్మ గుర్తుపట్టకపోతే తట్టుకోలేనే, అందుకే రావడం లేదని ఫోన్లో అన్నావు. నీ బాధ నాకు తెలుసు. అయినా రా. ఉన్న జ్ఞాపకం ఉండగానే వచ్చి కనపడమని డాక్టరమ్మ కూడా చెప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

ఉంటాను.

నీ చెల్లెలు,
పిచ్చుక

తా.క.: నిజం దాచి కవరు అంటించబుద్ధి కావడం లేదు. అమ్మ ఎదురుచూస్తున్నది నీ కోసం కాదక్కా. నన్ను బొమ్మా అని పిలుస్తోంది. నా చేత్తో తినిపించుకుంటూనే, పిచ్చుక ఎప్పుడొస్తుందే బొమ్మా అని నన్నే అడుగుతోంది. నిన్ను మరిచిపోలేదు, నన్నే నువ్వనుకుంటోంది. నువ్వొచ్చి నా పక్కన కూర్చో. బొమ్మ అక్కడుంటే, మరి ఈ రెండోది ఎవరా అని ఒక్కసారి నా మొహంలోకి చూస్తుందేమో.