సాయన్న పసుపు టేపు

గురువారం

కంట్రోల్ రూంకు పొయ్యే సిగ్నల్ కేబుల్‌కు ఏ కనెక్టర్లు కావాల్నో రాసియ్యమన్నడు మేనేజర్. తిప్పి బిగించేటియా, నొక్కి పట్టించేటియా? పాత జాయింట్లు చూసి రాద్దామని చెరుకు మిల్లు కాడికి పోయిన.

నాకు పని నేర్పిన సాయన్న తను చేసిన ప్రతి జాయింట్‌కు పసుపు టేపు చుట్టేటోడు, తప్పయితే తనదని తెల్వాలని. "మిల్లు వణుకుతది తమ్మీ, తిప్పేది ఊడుతది. నొక్కేదే పెట్టు" అంటుండె.

పోయిన సీజన్ల ఒక జాయింట్ ఊడి మిల్లు లైన్ ఆగింది. చెరుకు బండ్లు బోధన్ రోడ్డు దాక నిలిచినయి. అందరికన్న ముందు సాయన్ననే ఉరికిండు. మేనేజర్ వచ్చి "ఎవరిది?" అంటే, టేపు చూసి "సాయన్నది సార్" అన్న నేను. సాయన్న పనిముట్లు సదురుకున్నడు. మల్ల సీజన్‌కు రావద్దన్నరు.

ఇయ్యాల ఆ జాయింట్ మీది టేపు ఇప్పిన. లోపల తిప్పే కనెక్టర్! నిజామాబాద్‌ల టీవీ కేబుల్ దుకాణంల కొని, తొందరల నేనే పెట్టి మర్చిపోయింది. మేం పోయేలోపే దాన్ని మల్ల బిగించి తన టేపు చుట్టిండు.

కొత్త కనెక్టర్ల ముచ్చట మిల్లోళ్లతోని ఇని, పొద్దుమూకినంక సాయన్న నందిపేట్ నుంచి ఫోన్ చేసిండు. "నొక్కేటియే రాసినవా తమ్మీ?"

"రాసిన అన్న."

"మంచిది" అన్నడు.

టేపు ఇప్పిన ముచ్చట చెప్పకుంటనే నేను ఫోన్ పెట్టేసిన.